ఆగమ్మను నొప్పించిన ఇంగ్లీషు మాట

చాంద్రాయణగుట్ట దగ్గరున్న చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఆగమ్మ ఆయా. అంతకుముందు ఇటుక బట్టీలో కూలి. భర్త అక్కడే జ్వరమొచ్చి పోయాడు. ఆ బతుకు గురించి ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ఊర్ల ఎవుసం జేసెటోళ్లం" అనేది.

డెబ్బై ఆరు వానాకాలంలో ఒక పొద్దున సురయ్యా అనే అమ్మాయి తొలికాన్పు నొప్పులతో వచ్చింది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. రోడ్డు మునిగి పెద్దాసుపత్రికి పంపే దారి లేదు. డాక్టరమ్మా రాలేకపోయింది. ఉన్నది నర్సు డోరతీ సిస్టర్ ఒక్కతే. ఆగమ్మ మంచమెక్కి, సురయ్యాను వెనక నుంచి గుండెకు ఆనించుకుని కూర్చుంది. నొప్పి తట్టుకోలేక ఆ పిల్ల రక్కింది, మోచేతులతో పొడిచింది. ఆగమ్మ కదల్లేదు. "ఇంక జర, బిడ్డా" అంటూనే ఉంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టి, కాసేపటికి కేరుమంది.

సిస్టర్ ఆగమ్మ భుజం తట్టి, "యూ ఆర్ ఎ బ్రిక్" అంది.

ఆగమ్మ పోయి కాంపౌండర్ బాబురావును అడిగింది.

"బ్రిక్ అంటే ఇటుకనే, ఆగమ్మా."

ఆమె ముఖం మాడిపోయింది. బట్టీ సంగతి ఎవరో సిస్టర్‌కు చేరవేశారనుకుంది. ఆ వారమంతా సిస్టర్‌తో ముభావంగా ఉంది, ఆమె ఇచ్చిన చాయ్ కూడా ముట్టలేదు. చివరికి సిస్టరే నిలదీసింది. "ఏంది ఆగమ్మా, నా మీద కోపమా?"

"నేను ఇటుకలు మోసిన్నని మీకెవరు చెప్పిన్రు? ఆ పిల్ల ముంగట గట్లనొచ్చునా, సిస్టర్?"

డోరతీ తెల్లబోయింది. ఆమెది ఆంగ్లో ఇండియన్ల ఇల్లు. తెలుగు రోగుల దగ్గర నేర్చుకుంది. "నాకేం తెల్వదు, అమ్మా. మా ఇంట్ల ఆపదల గట్టిగ నిలబడేటోళ్లను బ్రిక్ అంటరు. అది మెచ్చుకునే మాట. చనువున్నోళ్లనే అంటం, డాక్టరమ్మను అనం."

"అంటే తిట్టు కాదా?"

"కాదు. నువ్వు లేకుంటే ఆ దినం నా చేతులు ఆడకపోతుండె."

ఆగమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, బెంచీ మీద సిస్టర్ పక్కన కూర్చుంది. ఆ తర్వాత భర్త పేరు చెప్పింది. మైసయ్య. జ్వరంలో కూడా పనికి పోతానని ఎట్లా మొండికేశాడో చెప్పుకుంటూ పోయింది. వార్డులోంచి ఎవరో పిలిచేదాకా సిస్టర్ లేవలేదు.