లేపమని నేనే అరిచాను

మాది కురబలకోట దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. పదహారేళ్ల మా అబ్బాయి హరి మదనపల్లెలో బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. "వీడు శానా పెద్దోడవతాడప్పా" అని కోచ్ ఒకటే పొగుడుతుంటే, నిజమేనా అని పోయిన నెల పుంగనూరు పోటీకి మొదటిసారి వెళ్లాను.

రెండో రౌండులో హరి దెబ్బకు అవతలి పిల్లాడు వెల్లకిలా పడ్డాడు. మందలో అలా పడిన గొర్రెను వెంటనే లేపకపోతే కడుపు ఉబ్బి చచ్చిపోతుంది. ఆ అలవాటుకొద్దీ "లేపు రా, బిన్నా లేపు, తొందరగా!" అని గట్టిగా అరిచేశాను. హరి పరుగున వెళ్లి, చంకల్లో చేతులేసి వాణ్ణి నిలబెట్టాడు! రిఫరీ మావాణ్ణి వెనక్కి లాగి మందలించాడు. ఈలోగా తేరుకున్న ఆ పిల్లాడే చివరికి గెలిచాడు. జనం నావైపు చూసి నవ్వుతుంటే తలెత్తలేకపోయాను.

తిరుగు బస్సులో కోచ్ అడిగాడు: "మళ్లా ఎవుడన్నా పడితే ఏం సేస్తావు రా?"

"నాయన అరిసినందుకే లేపినానో, అరవకపోయినా లేపేవాణ్ణో నాకే తెలీదు సార్" అన్నాడు హరి.

వచ్చే వారం కుప్పంలో పోటీ ఉంది. "రా నాయనా, నోరు మాత్రం తెరవొద్దు" అన్నాడు హరి. తువ్వాలు నోట్లో కుక్కుకునైనా వెళ్తాను. నేను అరవకపోతే వాడి చేతులు ఏం చేస్తాయో చూడాలి.