రెండు గుక్కలు చాలు బాబాయ్!

2024 డిసెంబరు. నరసరావుపేటలో ఒక హోటల్ పై అంతస్తు హాలు. ఇటలీ వైన్లతో విందు, నడిపించేది నేను. మా ఉద్యోగాన్ని సొమెలియే అంటారు. ఏ వంటకానికి ఏ వైన్ నప్పుతుందో చెప్పి, పోసి, రుచి చూపించడం మా పని. హైదరాబాదు హోటళ్ళలో ఏళ్ళ తరబడి ఇదే చేస్తున్నాను. మా ఊళ్ళో మాత్రం అదే మొదలు.

విందు ఇచ్చింది పత్తి వ్యాపారం చేసే మా బాబాయ్. స్నేహితుల్ని భార్యలతో సహా పిలిచాడు, వద్దంటున్నా అమ్మనూ లాక్కొచ్చాడు. నా కొలువు పేరెత్తితేనే అమ్మకు తలవంపులు. అడిగినవాళ్ళకల్లా "హోటల్లో ఆఫీసరు" అని చెప్పుకొచ్చింది. ఆ సాయంత్రం కూడా మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇంతమందిలో నన్ను నవ్వులపాలు చేయబాక తల్లీ" అంది. ప్రాణం చివుక్కుమంది. ఈ ఒక్క పూట అమ్మ తలెత్తుకుని ఇంటికి వెళ్తే చాలు దేవుడా అనుకున్నాను.

గోంగూర మాంసం వచ్చింది. దానికి జతగా దక్షిణ ఇటలీ రెడ్ వైన్ పోశాను. టేస్టింగ్ పోర్, అంటే గ్లాసు అడుగున రెండు గుక్కలే. పైన ఖాళీ వదిలేది వాసన కోసం. అది చూసి బాబాయ్ మొహం మాడిపోయింది.

"ఏందమ్మాయ్ ఇది? భోజనానికి పిలిచి పిసినారితనం చూపిస్తామా?" అంటూ సీసా లాక్కుని ప్రతి గ్లాసూ అంచుదాకా నింపాడు. పెళ్ళి పంక్తిలో నెయ్యి కొసరి వడ్డించినట్టు "ఇంకొంచెం, నామాట విని ఇంకొంచెం" అని బతిమాలాడు కూడా.

గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన చూడమన్నాను. తిప్పారు. తెల్లచొక్కాలు ఎర్రబడ్డాయి. హాలంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయ్ అయిపోయాడు గానీ, ఇంకొకరైతే సీసాతో సహా బయటికి పంపేదాన్ని. అమ్మ వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

అమ్మ లేచి వచ్చింది.

"ఏమయ్యా, వాసన చూడమనేగదా పిల్ల చెప్తంది? నెయ్యి కొనేప్పుడు ముక్కు దగ్గర పెట్టుకోకుండానే కొంటన్నావా? జరుగు పక్కకి."

"నువ్వు తాగుతావా వదినా?" అన్నాడు బాబాయ్, బిత్తరపోయి.

"తాగను. వాసన చూస్తే ఏం పోదులే."

కొత్త గ్లాసులో రెండు గుక్కలు పోసి ఇచ్చాను. సంతలో నెయ్యి గిన్నె మీదికి వంగినట్టే వంగి, అమ్మ కళ్ళు మూసుకుంది.

"నేరేడు పండు. చానా మగ్గింది."

నేను చెప్పబోయిందీ అదే! బాబాయ్ సీసా నా చేతికిచ్చాడు. ఆడవాళ్ళంతా తలా ఒక గ్లాసు తెప్పించుకున్నారు. ఒకావిడ ఎండుద్రాక్ష అంటే, ఇంకొకావిడ కాదు బెల్లంపాకమని పట్టుబట్టింది. నా ఉద్యోగంలో అంత సందడి విందు మళ్ళీ చూడలేదు.

అప్పటినుంచి నేను నడిపే ప్రతి విందులోనూ తాగనివాళ్ళకు కూడా ఒక గ్లాసు పెడుతున్నాను. వైన్లో సగం ముక్కుకే చెందుతుంది, ఆ సగానికి ఎవరినైనా పిలవొచ్చు.

ఆ రాత్రి అమ్మా నేనూ కిందికి దిగేసరికి గేటు దగ్గర మా వీధి పెద్దావిడ ఎదురైంది. "ఏమే, మీ అమ్మాయి వచ్చిందా? ఇంతకీ ఏం ఉద్యోగమే?" అని అమ్మను అడిగింది.

అమ్మ కొంగు సర్దుకుంది.

"వైన్ సంగతి చెప్పుద్ది అక్కా. మా పిల్ల చెప్తే ఇటలీవాళ్ళైనా కూర్చుని వినాల్సిందే."