ఆపా తెచ్చిన ఆర్కిడ్

ఆ మధ్యాహ్నం మా గేటు తీసుకుని లోపలికొచ్చినప్పుడు ఆపా చీర కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. ఆమెది మా పక్కిల్లే. బాన్సువాడలో మేం ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ రెండిళ్లకూ ఒకటే ప్రహరీగోడ. నేను ఆమెను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. కూతురు పోయిన తర్వాత ఆమె తన గడప దాటి రావడం అదే మొదలు.

కొంగు తీసింది. తెల్లటి పింగాణీ కుండీలో ఆర్కిడ్. కింది ఆకులు పసుపు పచ్చగా మారి, ముడతలు పడి, అంచు మీదుగా వేలాడుతున్నాయి. మురుగు వాసన వచ్చింది.

"జెర సూడక్కా. గిది గూడ పోయేటట్టున్నది."

ఆ మొక్కను నేనెరుగుదును. ఆపా కూతురు హైదరాబాద్‌లో నర్సు. రంజాన్ సెలవుకు వస్తూ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఊదారంగు పూలు సీతాకోకచిలుకలు వాలినట్టు ఉండేవి. మా వీధి ఆడవాళ్లందరం వెళ్లి చూశాం. ఒకామె ప్లాస్టిక్‌దేమోనని రేకు గిల్లబోతే ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి పట్టుకుంది. "వద్దాంటీ, పాణం ఉన్నది దానికి" అంది. వానలు ముదిరాక ఆ పిల్లకు డెంగీ వచ్చింది. తల్లీ తండ్రీ హైదరాబాద్ చేరేసరికి మాట లేదు. అంబులెన్సులో తెచ్చారు. వర్షంలోనే మగవాళ్లు ఖబరస్తాన్‌కు తీసుకెళ్లారు. ఆడవాళ్లం ఇంట్లోనే ఉండిపోయాం. ఆపా తన బిడ్డ సమాధిని చూడలేదు.

ఆమె భర్తకు బజార్లో బట్టల దుకాణం ఉంది. ఆయన ఆ వారంలోనే కూతురి బట్టలూ చెప్పులూ పుస్తకాలూ మూటలు కట్టి ఎవరెవరికో ఇచ్చేశాడు. ఎదురుగా ఉంటే ఊపిరాడటం లేదన్నాడట.

"అన్ని తీసేసిండు. గిదొక్కటి నేనియ్యలే. నమాజు అయినప్పుడల్లా ఇన్ని నీళ్లు పోసిన" అంది ఆపా.

నాకు ఆర్కిడ్ సంగతి ఏమీ తెలియదు. మేడ మీద కరివేపాకు, మల్లె, గులాబీ పెంచుతాను కాబట్టి వీధిలో ఎవరి మొక్క వాడిపోయినా నా దగ్గరికి తెస్తారు, అంతే. ఫోన్లో వెతికి ఒక వీడియో ఇద్దరం కలిసి చూశాం. మొక్కను బయటికి తీసి, కుళ్లిన వేళ్లన్నీ కత్తిరించాలని అందులో చెప్పారు.

పాత పేపరు పరిచి కుండీ వంచాను. ముందు నీళ్లు వచ్చాయి, నల్లగా. బయటి పింగాణీ కుండీకి అడుగున చిల్లే లేదు. లోపలి ప్లాస్టిక్ కుండీ ఇన్నాళ్లూ నీళ్లలోనే నానుతూ ఉంది. మొక్కను పట్టి లాగితే సులువుగా వచ్చేసింది. వేళ్లు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. ఒకదాన్ని చేత్తో పట్టుకుంటే పైపొర తొడుగులా ఊడొచ్చి, లోపల దారం పోగులాంటిది మిగిలింది.

కత్తెరను పొయ్యి మంట మీద కాల్చి తెచ్చాను. ఆపా రెండు చేతులతో మొక్కను పట్టుకుంది. మొదటి వేరు కత్తిరించగానే ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"కొయ్యకక్కా."

"కుళ్లింది ఉంచితే పైదాంక పాకుతది ఆపా."

మళ్లీ పట్టుకుంది. నేను కత్తిరిస్తూ పోయాను. కాసేపటికి పేపరు మీద కుప్ప పడింది. మొక్కకు గట్టిగా మిగిలినవి రెండే వేళ్లు, అవీ పొట్టివి. నాకే భయం వేసింది.

"నేనే సంపిన్నా?" అంది.

"కుండీకి చిల్లు లేదు. నువ్వేం జేస్తవ్?"

ఆమె నా మాట వినలేదు. చేతుల్లోని మొక్కనే చూస్తూ అంది. "ఫోన్ జేసి జరమొచ్చిందమ్మీ అన్నది. గోలీ ఏసుకొని పండుకో బేటీ, తగ్గుతదన్న. తెల్లారి గూడ గదే జెప్పిన. నర్సు గదా, దానికి తెల్వదా అనుకున్న. రమ్మనలేదక్కా. పోలేదు."

ఎవరికైనా జ్వరమొస్తే అందరం అదే అంటాం అని చెప్పబోయాను. అది నిజమే, కానీ ఆమెకు ఎందుకు పనికొస్తుంది? వీడియోలో చెప్పినట్టు కత్తిరించిన చోట్ల దాల్చినచెక్క పొడి అద్ది, మొక్కను నీడలో ఆరబెట్టాను. కోసి పడేసిన వేళ్లన్నీ ఆమె పేపర్లో చుట్టి, నన్ను పారేయనివ్వకుండా తనతో తీసుకుపోయింది.

మరునాడు ఇస్త్రీ బండి దగ్గర చల్లారిన బొగ్గు అడిగి తెచ్చాను. పీచున్న కొబ్బరి డొక్కలు ముక్కలు చేసి నానబెట్టి, బొగ్గుతో కలిపి, చుట్టూ చిల్లులు పొడిచిన డబ్బాలో మొక్కను నిలబెట్టాను. మా వెనక వరండాలో, ఎండ నేరుగా పడని చోట పెట్టాం. నీళ్లు నేను మాత్రమే పోయాలని షరతు. ఆపా ఒప్పుకుంది.

ఆమె రోజూ వచ్చేది. వరండాలో పీట మీద కూర్చుని దానివైపు చూసేది. ఒకరోజు, "జెర తడి జేస్తనక్కా, ఎండిపోతున్నది" అంది. వద్దన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దసరా నాటికి ఇంకో ఆకు రాలింది. చలికాలమంతా మిగిలిన ఆకులు తోలులా మెత్తబడి అలాగే ఉండిపోయాయి. అది బతికుందో, చచ్చి ఆకు మాత్రం నిలబడిందో చెప్పలేకపోయాను. మా ఆయన ఒకసారి, "ఆమెకు ఆశ పెట్టకు. అది పోతే నీదే పాపమైతది" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది.

చలి తగ్గుతుండగా ఒక పొద్దున కాండం పక్కన పెసరగింజంత ఉబ్బు కనిపించింది. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అది సాగి, కొనన ఆకుపచ్చగా, నిజంగానే కొత్త వేరయ్యింది. గోడ దగ్గరికి పరుగెత్తి ఆపాను పిలిచాను. ఆమె ముఖంలో ఇన్ని నెలల తర్వాత ఏదో ఒక వెలుగు చూస్తాననుకున్నాను.

ఆపా వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"బతికింది" అన్నాను.

"బతికింది" అంది. "గింత గడ్డికి గిన్ని జేసినం. కోసినం, మందు వెట్టినం, దినాం కావలి గూసున్నం. నా బిడ్డ ఒక్కతి మంచంల వడి ఉంటే ఒక్కరం లేకపోతిమి. గిది బతికి నాకేం జెయ్యాలె అక్కా?"

లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత రావడం మానేసింది. గోడ మీదుగా పలకరిస్తే ముక్తసరిగా బదులిచ్చేది. నాకు కష్టంగా అనిపించింది, కొంచెం కోపం కూడా వచ్చింది. మంచి వార్తే చెప్పాను కదా అనుకున్నాను. నా మంచి వార్తే ఆమెకు దెబ్బలా తగిలిందని అర్థం కావడానికి నాకు రోజులు పట్టింది.

ఎండాకాలంలో వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. బోధన్‌లో ఆపా తమ్ముడున్నాడు, అక్కడికే దుకాణం మార్చుకుంటున్నామని ఆమె భర్త చెప్పాడు. సామాను ముందే వెళ్లిపోయింది. ఆటో గేటు ముందు ఆగినప్పుడు నేను మొక్కను తీసుకుని బయటికి వెళ్లాను. అప్పటికి దానికి కొత్త ఆకు కూడా వచ్చింది. ఆపా ఆటోలో కూర్చుని ఉంది. డబ్బా అందించబోతే, ఆకు మీద ఒక్కసారి బొటనవేలుతో రాసి చెయ్యి తీసేసుకుంది.

"నీ దగ్గర్నే ఉండనీ. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

"అట్లనకు ఆపా."

"పోనీ భయ్యా" అంది ఆటో డ్రైవరుతో. ఆమె భర్త నాకు నమస్కారం పెట్టి ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాను. నా మోకాళ్ల నొప్పుల గురించి, మా పిల్లల గురించి, ఇక్కడి వానల గురించి అడుగుతుంది. మొక్క గురించి అడగదు. నేనూ చెప్పను. అది వరండాలోనే ఉంది, ఇంతవరకూ పూయలేదు. కొబ్బరి డొక్క పూర్తిగా ఆరిందో లేదో వేలు పెట్టి చూశాకే నీళ్లు పోస్తున్నాను.