పదకొండో వరుస మీది నీడ

దయ్యాలను నమ్మేవారితో నేను ఏనాడూ వాదించలేదు. కొలతలు అడిగేవాణ్ణి, అంతే. ఎంత ఎత్తు, ఎంత దూరం, ఎన్ని గంటలకు? ఆ ప్రశ్నలతో వారి కథ ఆగిపోయేది. విద్యుత్తు శాఖలో మీటర్ల లెక్కలు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అంకెకు అందనిది ఉందంటే ఒప్పుకోని మనిషిని. ఇప్పుడు రాయబోయేదానికి కొలతలన్నీ నా దగ్గర ఉన్నాయి. కారణం మాత్రమే లేదు.

మాది పావగడ తాలూకా వల్లూరు. నా చెల్లెలు లక్ష్మీదేవి భర్త నరసింహప్ప చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాడు. వై.ఎన్.హొసకోట నుంచి తిరుమణి దాకా కరెంటు తీగలకు తగిలే కొమ్మలున్నా, ఇళ్ల మీదికి వాలిన వేపచెట్లున్నా ఆయనకే కబురు వచ్చేది. ఉద్యోగం ముగిశాక నేను ఆయన వెంట వెళ్లి, కొట్టిన కలపను కొలిచేవాణ్ణి.

ఆ పనిలో ప్రమాదం కంటికి కనిపించే చోట ఉండదు. పచ్చగా ఉన్న కొమ్మ లోపల డొల్లగా ఉంటుంది. అందుకే ఆయన అడుగు వేసే ముందు గొడ్డలి వెనుక భాగంతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఆకుల చాటున కందిరీగల గూడు ఉంటుంది. పైనున్నవాడికి పారిపోయే దారి ఉండదు. తెగిన కొమ్మ తిన్నగా కిందికి పోదు. ఒక్కోసారి మొదలు ఎగిరి కోసినవాడి రొమ్ముకే తగులుతుంది. ఆయన ఎడమ పక్కటెముకలు రెండు అలా విరిగి అతికినవే.

కింద నిలబడి నేను జాగ్రత్తలు చెబితే నవ్వేవాడు.

"నీ లెక్కలు కింద నిలబడినోళ్లకి బావా. పైకి వచ్చినాక కొమ్మ ఏం చెప్తే అదే లెక్క. కావాలంటే నువ్వు ఎక్కు, టేపు నేను పట్టుకుంటా."

తండ్రి నుంచి వచ్చిన నియమం ఒకటి ఆయనకుండేది. ఏ చెట్టును కొట్టినా తూర్పు వైపు ఒక కొమ్మను వదిలేయాలి, చెట్టు మళ్లీ చిగురించడానికి. నడుముకు కట్టుకున్న తాడు రెండో కొసను ఎప్పుడూ ఆ వదిలేసే కొమ్మకే కట్టాలి. కోయని కొమ్మ మనిషిని మోసం చేయదని వారి నమ్మకం. నాకది నమ్మకంగా కాక, మంచి పద్ధతిగా తోచేది.

సోలారు పార్కు వచ్చి వేరుశనగ చేలు గుత్తకు పోయాక ఆయనకు పని పెరిగింది. ప్యానెళ్లు పరచవలసిన పొలంలో పెద్ద చింతచెట్టు ఒకటి అడ్డంగా ఉంది. "తూర్పు కొమ్మ కూడానా?" అని నరసింహప్ప అక్కడి సూపర్వైజరును అడిగాడు.

"నీడ అనేదే ఉండకూడదప్పా. మొదలుతో సహా పోవల్ల."

మధ్యాహ్నానికి మిగతా కొమ్మలన్నీ దిగాయి. రెండు దాటాక ఆయన తూర్పు కొమ్మ మీదికి జరిగి కూర్చుని, ముందున్న భాగాన్ని కోయడం మొదలుపెట్టాడు. తాడు కూడా ఆ కొమ్మకే కట్టి ఉంది. ఆ రోజు మిగిలే కొమ్మంటూ లేదని ఆయనకు తెలుసు. చేతి అలవాటుకు తెలియలేదు. మోడుకు కట్టి ఉంటే వేలాడి బతికేవాడు. మూడు గంటల పది నిమిషాలకు కొమ్మ మొదట్లో చిట్లింది. లోపల డొల్ల. దానితోపాటే ఆయనా కిందికి వచ్చాడు. హొసకోట ఆసుపత్రి చేరక ముందే ప్రాణం పోయింది.

విచారణ కోసం ఆ కొమ్మను నేనే కొలిచాను. పొడవు ఇరవై రెండు అడుగులు. ఆయన కూర్చున్న చోట, తాడు బెరడును ఒరిసిన గుర్తు మొదలు నుంచి తొమ్మిది అడుగుల దగ్గర ఉంది.

తర్వాత అక్కడ ప్యానెళ్లు లేచాయి. లక్ష్మీదేవికి వాటిని తుడిచే పని, నాకు ఆఫీసులో రీడింగులు చూసే పని దొరికాయి. చింత ఉన్న చోటు పదకొండో వరుస కిందికి వచ్చింది. అది ఆమె తుడిచే వరుసే.

ఎండాకాలంలో ఆ వరుస కరెంటు రోజూ రెండు దాటాక తగ్గడం మొదలైంది. సూపర్వైజరు ఆమెను పిలిపించాడు.

"అందరి వరుసలూ బాగుండాయి. నీదే ఎందుకమ్మా పడిపోతాది? మధ్యాహ్నం పండుకుంటావుండావా?"

"పోయి నేను తుడిచిన అద్దంలో నీ మొగం చూసుకో సారూ. మీసాలు కనపడకపోతే నా పని తీసేయి."

ఆమెకు వేరే జీవనాధారం లేదు. అందుచేత నేను పట్టుపట్టి పరీక్షించాను. వైర్లు మార్పించాను. ఆ వరుస ప్యానెళ్లను వేరే వరుసకు, అక్కడివి ఇక్కడికి మార్పించాను. ఇక్కడి నుంచి పోయినవి అక్కడ చక్కగా పనిచేశాయి. ఇక్కడికి వచ్చినవి రెండు దాటగానే తగ్గాయి.

చివరకు నేనే వెళ్లి నిలబడ్డాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చుట్టుపక్కల చెట్టు గాని, స్తంభం గాని లేవు. గాజు మీద ఎండ తళతళలాడుతోంది. పక్క వరుసను తాకితే అరచెయ్యి కాలింది. పదకొండో వరుసలో కొంత మేర చల్లగా ఉంది. వేడిని కొలిచే పరికరమూ అదే చూపింది. చల్లగా ఉన్నంత మేరా సుద్దముక్కతో గీత గీసి, టేపు పరిచాను. ఇరవై రెండు అడుగులు. సన్నగా, తూర్పుకు సాగిన పట్టీ. పడమటి కొస నుంచి తొమ్మిది అడుగుల దగ్గర మాత్రం అది మనిషి వెడల్పున ఉబ్బి ఉంది.

లక్ష్మీదేవి అక్కడే, ఆ వెడల్పు చోటున, ప్యానెలు అంచును ఆనుకుని కూర్చుని సద్ది తింటోంది.

"ఈడ నీడ ఉండాది గదన్నా," అంది. "నువ్వు ఇప్పుడా చూసేది?"

మూడు దాటగానే ఆమె గిన్నె మూసి లేచి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నీడ అయితే పొద్దుతోపాటు మెల్లగా జరగాలి. ఇది జరగలేదు. మూడు గంటల పది నిమిషాలకు మీటరులో కరెంటు ఒక్కసారిగా పైకి లేచింది.

నివేదికలో ఏమి రాయాలో నాకు తోచలేదు. నీడ అని రాస్తే, దేనిదని అడుగుతారు. కారణం తెలియలేదని రాశాను. పై అధికారులకు అది తుడిచేవారి నిర్లక్ష్యంగానే కనిపించింది; ఆమెను పనిలోంచి తీసేయమన్నారు.

"పని పోతే పోనీలేన్నా," అంది లక్ష్మీదేవి. "ఆ నీడ కాడికి మాత్రం నన్ను రానీమని చెప్పు." చెప్పాను. పనిలో లేనివారిని కంచె లోపలికి పంపే నియమం లేదన్నారు.

ఆమె స్థానంలో మరొకామె వచ్చింది. ఆ వరుస కరెంటు ఇప్పటికీ అదే వేళకు తగ్గుతుంది, అదే నిమిషానికి లేస్తుంది. ఎందుకో నేను చెప్పలేను. రీడింగు తెర ముందు నుంచి కిటికీలోకి చూస్తే, ఆ వేళకు లక్ష్మీదేవి కంచె బయట కనిపిస్తుంది. అక్కడ నీడ లేదు. మూడు అయ్యేదాకా ఎండలో నిలబడి, తర్వాత తల తిప్పుకుని వెళ్లిపోతుంది.