కుంకుమ వేసిన ఫ్లష్ ట్యాంకు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. యాభై దగ్గరపడ్డాక ఇప్పుడు ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి గానీ, పాతికేళ్ళ వయసులో, సీతమ్మధారలోని ఒక శానిటరీ సామాన్ల షాపులో కౌంటరు వెనక నిలబడి కమోడ్లూ కుళాయిలూ అమ్ముతున్నప్పుడు, విశాఖపట్నంలో ఏ గొట్టంలో నీరు ఎటు పోతోందో నాకొక్కడికే తెలుసన్నంత ధీమాగా ఉండేవాణ్ణి. నిజానికి అప్పటికి ఒక్క గొట్టమైనా విప్పి చూసిన పాపాన పోలేదు. (ఒకసారి విప్పబోయి షాపు గోడంతా తడిపాను. అది లెక్కలోకి రాదు.) మాది పద్మనాభం వైపు పల్లె. సెలవుకి వెళ్ళినప్పుడు "పట్నంలో ఏటి సేత్తన్నావురా?" అని ఎవరైనా అడిగితే "శానిటరీ లైన్లో ఉన్నాను" అనేవాణ్ణి. ఆ మాట ఊళ్ళో నాలుగు వీధులు తిరిగి వచ్చేసరికి నేను శానిటరీ ఇంజినీరునైపోయాను. నలుగురూ కలిసి వేసిన దండని మెడలోంచి తీసేయడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

నా అసలు బండారం తెలిసినవాడు మా అక్క మొగుడొక్కడే. ఆయన నిఖార్సయిన ప్లంబరు. నాకు ఒక పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు, పెద్దదిక్కుగా ఆయనే నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని గాజువాక అవతల ఉన్న పెళ్ళికూతురి ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా హెల్మెట్‌లోంచి పాఠం చెబుతూనే ఉన్నాడు.

"ఒరే బామ్మర్దీ, ఆలు నిన్ను ఇంజినీరనుకుంతన్నారు. ఏదైనా అడిగితే నోరెల్లబెట్టకు. ఇది మూడు ముక్కల పని. ఒక్క సోటే నీరు నిలబడితే అక్కడే ఏదో ఇరుక్కున్నాదని. ఇల్లంతా నిలబడితే బైట మూత తీసి సూడాల. ఫ్లష్ లాగినప్పుడు పక్కన నీల్లుపోయే కన్నం గుడగుడమంతే, గొట్టానికి గాలాడ్డం నేదని. అప్పుడు మేడెక్కి పైన గొట్టం మూతి సూడాల. ఇన్నావా?"

"ఇన్నాన్లే" అన్నాను. వినలేదు. అద్దంలో క్రాఫు చూసుకుంటున్నాను.

పిల్ల తండ్రిది గోదావరి జిల్లా. స్టీలుప్లాంటులో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడిపోయిన మనిషి. మర్యాద అంటే అదీ. జంతికలు, కాజాలు, మళ్ళీ జంతికలు. పిల్ల వచ్చి కూర్చుంది. నేను ఒకసారి చూశాను, ఆ తర్వాత కాజా గొంతు దిగలేదు. ఈ సంబంధం తప్పిపోతే నేనిక పెళ్ళే చేసుకోనని ఆ కాజా సాక్షిగా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కాబోయే మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంజినీరుగారు ఇంటికొచ్చాక అడక్కపోతే ఎలాగండీ. మా బాత్రూం నెల్రోజులబట్టి ఏడిపిస్తందండి. ఫ్లష్ లాగితే పక్కన నీళ్ళుపోయే కన్నం హుక్కా పీల్చినట్టు గుడగుడమంటదండి. పైగా డాబా మీద ట్యాంకు నింపిన గంటకల్లా ఖాళీ. మా నాన్నగారైతే ఎవరో సబ్బు పడేశారని రోజూ ఇంట్లో అందర్నీ తిడతన్నారండి."

పిల్లను చూడటానికి వెళ్ళినవాణ్ణి ఆ విధంగా కమోడును చూశాను. మా బావ నా వీపు మీద వేలితో పొడిచి, "మేడ, మేడ" అని గొణిగాడు. నాకు వినిపించలేదు. ఎందుకంటే అప్పటికే నాకు షాపులో ఒక కంపెనీ ఏజెంటు చేసి చూపించిన పరీక్ష గుర్తొచ్చింది. ఫ్లష్ ట్యాంకులో రంగు వేసి, లాగకుండా అరగంట ఆగాలి. కింద కమోడులోకి రంగు దిగిందంటే ట్యాంకు అడుగునున్న రబ్బరు వాషరు పాడైందని అర్థం. మేడమీది నీళ్ళన్నీ చడీచప్పుడూ లేకుండా పోయే దారి అదే. చిటికె వేసినంత తేలిగ్గా చేసి చూపించొచ్చు. చూసేవాళ్ళకి ఇంజినీరింగులా ఉంటుంది.

మామగారు సోడాలు తేవడానికి వీధి చివరికి వెళ్ళారు. అత్తగారు వంటింట్లో ఉన్నారు. మా బావ నా మీద ఆశ వదులుకుని మేడ మెట్లు వెతుక్కుంటూ పోయాడు. నేను బాత్రూం గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఏదైనా రంగు ఉందా అన్నాను. కర్టెన్ వెనకనుంచి, "పసుపుందండి" అంది పిల్ల. అది నాతో అన్న మొదటి మాట. ఆ స్థలంలో పసుపు రంగుని ఎవరూ పట్టించుకోరని మొదటి పరిచయంలోనే ఎలా చెప్పడం? "ఎరుపైతే బాగుంటుంది" అన్నాను. ఆమె వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చింది. పెళ్ళిచూపుల్లో పిల్ల చేతులారా కుంకుమ ఇవ్వడం, నేనది తీసుకెళ్ళి ఫ్లష్ ట్యాంకులో వేయడం! చిటికెడే వేశాను. (ఇది చదివి మా ఆవిడ 'చారెడు' అంటోంది. మీరు నన్ను నమ్మండి.) అరగంటదాకా ఎవరూ అటు వెళ్ళకూడదని చెప్పి, దర్జాగా వచ్చి హాల్లో కూర్చున్నాను.

వెనక గదిలో నిద్రపోతున్న తాతగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సోడాలు వచ్చాయి. నేను ఒక గుక్క తాగానో లేదో, తాతగారు గోడ పట్టుకుంటూ హాల్లోకి వచ్చారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. కుర్చీలో కూలబడి, "ఒరే, నా పనైపోయిందిరా" అన్నారు.

"ఏమైంది నాన్నా?"

"ఎర్రగా పోతందిరా. లాగితే ఆగుద్దేమోనని లాగాను. లాగినకొద్దీ వస్తందిరా!"

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నా మనసులో మెదిలిన మొదటి ఆలోచన ఆయన గురించి కాదు. 'వాషరే! నేను చెప్పలా!' అని లోపల పండగ చేసుకున్నాను. రెండో క్షణంలో గానీ ఆయన ముఖం నాకు కనబడలేదు. అత్తగారు ఏడుపు అందుకున్నారు. మామగారు ఆటో పిలవమని కేకలేశారు. తాతగారు మాత్రం ఎంతో నిబ్బరంగా నా చెయ్యి పట్టుకుని, "ఆస్పత్రులొద్దురా. పిల్ల పెళ్ళి చూసిపోతే చాలు. ఈ ఇంజినీరు కుర్రాడు బాగానే ఉన్నాడు. ఇప్పుడే తాంబూలాలు పుచ్చేసుకోండి" అన్నారు. మామగారు కన్నీళ్ళతో నావైపు చూశారు. తమలపాకుల కోసం ఎవరో లోపలికి పరిగెత్తారు.

నోరు మూసుకుని కూర్చుంటే చాలు, సంబంధం ఖాయం. నోరు తెరిస్తే నేను కుంకుమవాణ్ణి. ఆ పెద్దాయన నా చెయ్యి ఇంకా వదల్లేదు. తలెత్తి చూస్తే కర్టెన్ పక్కన పిల్ల, చేతిలో ఇంకా ఆ భరిణె. నన్నే చూస్తోంది.

అంతవరకూ పుస్తకాల భాష మాట్లాడుతున్న నా నోట్లోంచి మా ఊరి భాష ఊడిపడింది. "తాతగారండీ, మీకేటీ అవలేదండి. అది కుంకం. నానే ఏసినాను ట్యాంకులో. నాను ఇంజినీర్నీ కాదండి. షాపులో సామాన్లు అమ్ముతాను."

తమలపాకులు గుమ్మంలోనే ఆగిపోయాయి. తాతగారి ముఖంలోకి రంగు తిరిగొచ్చింది, మామగారి ముఖంలోకి అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆయన "ఏవయ్యా..." అని మొదలుపెడుతుండగా మేడమీదనుంచి మా బావ కేక.

"దొరికీసినాదండోయ్! పైన గాలి గొట్టం మూతికి ఎవులో పాలితీను సంచి కట్టీసినారు! పాపం ఊపిరాడక గుడగుడమంతంది!" అంటూ ఆ సంచిని విజయపతాకంలా పట్టుకుని దిగివచ్చాడు. దానికి నీలం నైలాన్ తాడు రెండు చుట్లు చుట్టి, గట్టి ముడి వేసి ఉంది.

"ఎవరు కట్టారిది?" అని మామగారు గర్జించారు. ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాతగారు ఫ్యానుకేసి చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు జారకుండా మెడ వెనక్కి కట్టుకున్న తాడు, నీలం నైలాను. ఆ గొట్టంలోంచి దోమలొస్తున్నాయని ఆయన మేడెక్కి కట్టి వచ్చారన్నమాట! (దోమల సంగతి తర్వాత ఆయనే నా చెవిలో చెప్పారు.) నెల్రోజులుగా సబ్బు పేరుతో ఇల్లంతటినీ తిట్టింది కూడా ఆయనే. ఆయన నావైపు ఒక్క చూపు చూశారు. అంత దీనమైన చూపు నేను మళ్ళీ చూడలేదు.

"కాకి పనండి" అన్నాను.

"కాకి ముడి వేస్తదా?" అన్నారు మామగారు.

"మీ వైపు కాకులు వెయ్యవేమోనండి. ఇవి సముద్రం పక్క కాకులు. భీమిలి దగ్గర జాలర్లు వలలు కడతంటే పొద్దల్లా పైన కూకుని సూత్తాయండి. నేర్చీసుకున్నాయి." మా బావ దగ్గు వచ్చినట్టు నటిస్తూ వీధిలోకి పోయాడు. కర్టెన్ వెనకనుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

తాతగారు లేచి నిలబడ్డారు. "ఆయ్, నేను చూశానురా ఆ కాకిని. నల్లగా ఉంది" అన్నారు. తర్వాత తమలపాకుల పళ్ళెంకేసి వేలు చూపించి, "చావుబతుకుల్లో ఇచ్చిన మాట, బతికినంత మాత్రాన వెనక్కి తీసుకుంటామా? తెండి" అన్నారు. మామగారు మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. (వాషరు మాత్రం ఆ సాయంత్రమే మా బావ చేత మార్పించుకున్నారు.)

పెళ్ళయ్యాక ఒకరోజు మా ఆవిడను అడిగాను, ఆ రోజు భరిణె పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డావేమని. "ఇంకో నిమిషం చూసి నేనే చెప్పేసేదాన్నండి" అంది. ఆ నిమిషం దాటి ఉంటే ఏమయ్యేదో అడిగే ధైర్యం ఈ పాతికేళ్ళలో నాకు రాలేదు. తాతగారు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నిక్షేపంగా బతికారు. నేనెప్పుడు వెళ్ళినా "కాకులు బాగున్నాయా?" అని అడిగేవారు.

మొన్న సాయంత్రం దోమల బాధ పడలేక మేడెక్కాను. గాలి గొట్టం మూతికి దోమల వల కడదామనే ఎక్కాను, మీరు నన్ను నమ్మండి. వల కనబడలేదు. చేతికి ఒక పాలిథీను సంచి దొరికింది. తాడు కూడా దొరికింది. మోకాళ్ళు పట్టేస్తుంటే గొట్టం పక్కన చతికిలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని ఒక చుట్టు చుట్టాను. కింద పెరట్లోంచి మా ఆవిడ గొంతు తాపీగా వినిపించింది.

"కాకిగారూ, ముడి విప్పేసి కిందికి దిగండి. టీ చల్లారిపోతంది."