మీసాల దొర గీతలు

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో, మేముండే అరోరాలో ఒక పాత సామాన్ల షాపులో, బీటలు వారిన ఫ్రేములో ఉన్న మిలిటరీ దొర బొమ్మను చూసి మా మనవరాలు "అమ్మమ్మా, ఈ అంకుల్ ఎందుకంత మ్యాడ్‌గా ఉన్నాడు?" అంది. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తోచదు.

మా నాన్న కాకినాడలో డ్రాయింగు మాస్టారు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా చిత్రకారులు నూనె రంగుల్లో వేసిన సేనానుల బొమ్మలను రాగిరేకు మీద సన్నటి గీతలుగా చెక్కి అచ్చువేసేవారట. ఆ అచ్చుల్ని మక్కికి మక్కి గీయడమే నాన్న నేర్చుకున్న చదువు. అందులో ఒక మీసాల దొరను ఆయన ఎన్నిసార్లు గీశారంటే, పేరు నోరు తిరగకపోయినా ఆ దొర మాకు చుట్టమైపోయాడు.

నేను న్యూయార్క్ దగ్గరి ఎడిసన్‌లో కొత్తగా ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నాన్న వచ్చారు. గ్లాకోమా వల్ల చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. పూర్తిగా పోయేలోగా న్యూయార్క్ మ్యూజియంలో ఉన్న ఆ దొర అసలు బొమ్మను చూడాలన్నది ఆయన ఒకే ఒక్క కోరిక.

తీరా వెళితే అది గోడంత బొమ్మ, ఎర్ర కోటు, బంగారు అల్లికలు, కుంచె జాడే కనబడని నునుపు. నాన్న ముందుకీ వెనక్కీ నడిచి, మెడ అటూ ఇటూ తిప్పి, "ఇందులో గీతలేవమ్మా? ఈయన మన దొర కాదు" అన్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

మ్యూజియం వాళ్లను అడిగితే, అచ్చు ప్రతి కూడా ఉందిగానీ, దానికి అపాయింట్‌మెంట్ కావాలన్నారు. అది దొరికే దాకా నాన్న అపార్ట్‌మెంట్‌లో పచార్లు చేస్తూ, ఒక్కో కన్నూ మూసి గోడమీది క్యాలెండర్‌ను చూసి, ఇంకా అంకెలు కనబడుతున్నాయా అని పరీక్షించుకునేవారు. ఆయనతో పాటు నేనూ నిద్ర మానేశాను.

చివరికి మ్యూజియం వాళ్లు బల్లమీద ఆ అచ్చు కాగితం పెట్టి, భూతద్దం ఇచ్చారు. మిగిలిన ఆ కాస్త చూపుకి ఒక్కో గీత సరిగ్గా సరిపోయింది. నాన్న దొర భుజం దగ్గర మొదలుపెట్టి, "ఇక్కడ చూడు తల్లీ, గీత లావెక్కితే నీడ, సన్నబడితే వెలుగు" అంటూ మీసం దాకా వచ్చి, చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ తర్వాత ఆయన ఇంకే బొమ్మా చూడలేదు.

నిన్న మా అమ్మాయి ఆ మ్యూజియం వెబ్‌సైట్ ఓపెన్ చేసి దొరను నా ముందు పెట్టింది. ఇప్పుడు ఏ అపాయింట్‌మెంటూ అక్కర్లేదు, ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దదవుతుంది. అన్నీ కనబడుతున్నాయి గానీ, ఎక్కడ చూడాలో చెప్పే మనిషే లేరు.