చాపెల్ మెట్ల మీద పదకొండు జతలు

ఆ రోజుల్లో మా సంఘం కథ రాయాలంటే మహాకావ్యమే అవుతుంది. యుద్ధం, వీడ్కోలు, కన్నీళ్లు, అన్నీ ఉన్నాయి. (నిజానికి ఉన్నవి పదకొండు జతల చెప్పులు. అయినా చదవండి.) నార్త్ కరోలినాలో ఒక మిలిటరీ బేస్‌లోని చిన్న చాపెల్‌ని ఆదివారం పొద్దున గంటన్నర సేపు మా తెలుగువాళ్లకి ఆరాధన కోసం ఇచ్చేవారు. మా బావ అక్కడ సైనికుడు. సిటిజన్‌షిప్ తొందరగా వస్తుందని చేరాడు. "గ్రీన్ కార్డ్ క్యూ కంటే యుద్ధమే ముందు అయిపోతుందిరా" అనేవాడు. నేను మోరిస్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుని వెళ్లేవాణ్ణి, భక్తితో కాదు, అక్క బిర్యానీ కోసం.

బావ అఫ్గానిస్తాన్ వెళ్లే ఆదివారం, పన్నెండింటికి ఎదురు వీధిలో బస్సు. అక్క పాస్టరంకుల్‌కి ముందే చెప్పింది. "అంకుల్, పదకొండున్నరకి ఆమెన్ అనేయండి. ఆ అరగంట నాకు కావాలి." ప్రార్థన మొదలుపెడితే బైబిల్లో ఆదికాండంలో ఎక్కి చివరి ప్రకటన గ్రంథం దగ్గర దిగే మనిషి, ఆ రోజు నిజంగానే పదకొండున్నరకి ముగించారు. తలుపు తీస్తే మెట్ల మీద ఒక్క చెప్పు లేదు. మన ఊళ్ల అలవాటు కొద్దీ అందరం బయటే విప్పి వరసగా పెట్టాం కదా, తర్వాతి ఇంగ్లీషు ఆరాధనకి ఏర్పాట్లు చూసే పెద్దావిడ అవి ఎవరో పేదలకిచ్చిన దానమనుకుని, భద్రంగా స్టోర్‌రూమ్‌లో పెట్టి, తాళం వేసుకుని కాఫీకి వెళ్లింది. (ఈ సంగతి తర్వాత తెలిసింది.)

బావ యూనిఫామ్ వేసుకుని సాక్సులతో నిలబడ్డాడు. "బూట్లు లేకుండా బస్సెక్కనివ్వరు" అన్నాడు. తలో దిక్కూ పరిగెత్తాం. అక్క ఉత్త కాళ్లతో పార్కింగ్ లాట్ అంతా తిరిగొచ్చింది. నేను ఊరుకోవచ్చుగా.

"బావా, బూట్లు పోయాయంటే యుద్ధం వాయిదా వేస్తారేమో, ఒకసారి కనుక్కో."

అక్క నవ్వలేదు. "నోర్ముయ్యరా. టైమెంతైంది?"

"పన్నెండుకి ఐదు నిమిషాలు" అన్నాను, వాచీ చూడకుండానే.

అంతలోనే ఆ పెద్దావిడ కాఫీ కప్పుతో వచ్చి, సారీ చెప్పి తాళం తీసింది. బావ లేసులు కట్టుకోవడానికి మూడు నిమిషాలు పట్టింది. మిగిలిన రెండు నిమిషాల్లో అక్క మెట్ల మీద కూర్చుని అతని ఎడమ బూటు ముడి విప్పి మళ్లీ వేసింది.

ఏడాదికి బావ తిరిగొచ్చాడు. కాళ్లూ చేతులూ సరిగానే ఉన్నాయి. కానీ బూట్లు విప్పడు. చాపెల్‌లోనే కాదు, ఇంట్లో సోఫా మీద పడుకున్నా సరే. అక్క అడిగితే "ఉండనీ, పిలిస్తే వెతుక్కోవాలి" అంటాడు. చెప్పుల విషయంలో చండశాసనుడైన అంకుల్ ఒక ఆదివారం బావ కాళ్ల వైపు కాసేపు చూసి, తానూ బూట్లతోనే లోపలికి నడిచారు. వెనకే మేమందరం.

ఆ రోజు జోకు వేసిన కుర్రాణ్ణి, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పుడు కొంచెం నవ్వొస్తుంది. జోకుకి కాదు, అడగ్గానే అంత కచ్చితంగా టైము చెప్పినందుకు.

చాపెల్ కార్పెట్‌కి మట్టి బాగా అంటుతోంది. నెలలో రెండో ఆదివారం వాక్యూమ్ చేసే వంతు నాది.